స్మృతి, సంస్కృతాధ్యయనం, ఉపాధి: మనోవిజ్ఞాన పరిశోధన పద్ధతిని గూర్చి ఒక అభిప్రాయం

సంస్కృతాధ్యయనం వలన జ్ఞాపకశక్తి పెరుగుతుందనే మాట ఇటీవల మన కళాశాలల ప్రవేశ ప్రకటనలలోను, వార్షికోత్సవ ప్రసంగాలలోను తరచుగా వినవస్తున్నది. ఆ మాట అన్నవారు సాధారణంగా ‘ఆధునిక విజ్ఞానం నిరూపించినది’ అనే వాక్యాన్ని కూడ చేర్చుతున్నారు. సభలో కరతాళధ్వనులు మ్రోగుతాయి. ప్రసంగం ముందుకు సాగుతుంది. నిరూపించినది ఏది, ఎవరిపై, ఏ పద్ధతిలో అని అడిగేవారు కనబడరు. తర్కశాస్త్రం పాఠ్యాంశంగా గల విద్యాసంస్థలలో ఈ ప్రశ్న రాకపోవడం ఆశ్చర్యకరం. ఆ ప్రశ్నను సహాధ్యాపకుల ముందు ఉంచడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా నా దోషాన్ని నేనే ఒప్పుకొనవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం ప్రవేశాల సమయంలో ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినాడు. పిల్లవానికి చదివినది నిలువడం లేదని, సంస్కృతంలో చేర్చితే జ్ఞాపకశక్తి వస్తుందని ఎవరో చెప్పినారని, అది నిజమేనా అని అడిగినాడు. అప్పుడు పత్రికలలో ప్రచారంలో ఉన్న ఒక పరిశోధనను ప్రస్తావించి, నిజమేనని చెప్పినాను. పిల్లవాడు చేరినాడు. రెండవ సంవత్సరంలో శబ్దరూపాలు అప్పగించలేక నిలబడిపోయిన రోజున, ‘అందరికీ వస్తున్నదండీ, నాలోనే ఏదో లోపమున్నది’ అన్నాడు. లోపం అతనిలో లేదు. నేను అతని తండ్రికి చెప్పిన వాక్యంలో ఉన్నది. నిరాధారమైన వాగ్దానం విఫలమైనప్పుడు ఆ భారం వాగ్దానం చేసినవానిపై పడదు, విన్నవానిపై పడుతుంది. ఆనాటి నుండి ఈ విషయాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించవలెననే బుద్ధి నాకు కలిగినది.

నేను ప్రస్తావించిన పరిశోధన కల్పితం కాదు. జేమ్స్ హార్ట్‌జెల్, ఆయన సహచరులు చేసిన ఆ అధ్యయనం 2016లో ‘న్యూరోఇమేజ్’ అనే పత్రికలో ప్రకటితమైనది. హర్యానాలోని మానేసర్‌లో గల జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రంలో 21 మంది వేదపండితుల మెదళ్ళను ఎం.ఆర్.ఐ. యంత్రంతో చిత్రించి, వేదాధ్యయనం చేయని మరి 21 మంది మెదళ్ళతో పోల్చినారు. వయస్సు, చేతివాటం, బహుభాషా పరిచయం మొదలైన విషయాలలో ఇరువర్గాలకు పోలిక ఉండేటట్లు జాగ్రత్త పడినారు. ఆ పండితులు నలుబది వేల మొదలు లక్ష పదాల వరకు గల పాఠాన్ని కంఠస్థం చేసినవారు. భాషకు, స్మృతికి, దృష్టికి సంబంధించిన అనేక భాగాలలో వారి బూడిదరంగు పదార్థం అధికంగా ఉన్నట్లు కనుగొన్నారు. 2018లో హార్ట్‌జెల్ ఈ విషయాన్ని సామాన్య పాఠకుల కొరకు ఒక వ్యాసంగా వ్రాసిన పిదప ఇది మన దేశమంతటా ప్రచారమైనది.

ఈ అధ్యయనం విలువైనది. మన మౌఖిక సంప్రదాయాన్ని ఆధునిక సాధనాలతో శ్రద్ధగా పరిశీలించినది. అయితే అది చెప్పినది ఒకటి, మనం దాని నోట పలికించినది మరొకటి. వేదపండితులకు, ఇతరులకు మధ్య భేదం కనబడుతున్నదని అది చెప్పినది. సంస్కృతం చదివినందువలన ఆ భేదం కలిగినదని మనం చెప్పినాము. ఈ రెండు వాక్యాల నడుమ గల దూరమే మనోవిజ్ఞాన పరిశోధన పద్ధతికి ఆరంభపాఠం. సహచారం వేరు, కార్యకారణభావం వేరు.

భేదం ఎందుకు కలిగి ఉండవచ్చునో ఆలోచింతము. దీర్ఘకాలాభ్యాసం మెదడును మార్చి ఉండవచ్చును. ఇది మొదటి పక్షం. జన్మతః ధారణాశక్తి అధికంగా గలవారే పాఠశాలలో చివరివరకు నిలిచి పండితులై ఉండవచ్చును, తక్కినవారు మధ్యలో మానివేసి ఉండవచ్చును. ఇది రెండవ పక్షం. అభ్యాసమే కారణమైనప్పటికీ అది కంఠస్థం చేసిన శ్రమ వలన కలిగినదే గాని భాష వలన కలిగినది కాకపోవచ్చును. అరబీ భాషలో ఖురానును ఆద్యంతం కంఠస్థం చేసిన హాఫిజులలోను అదే భేదం కనబడితే, దానికి సంస్కృతం కారణమని చెప్పజాలము. ఇది మూడవ పక్షం. ఒకే కాలంలో రెండు వర్గాలను ఒక్కమారు పోల్చిచూచే తిర్యక్ పద్ధతి ఈ మూడు పక్షాలలో ఏది సత్యమో తేల్చలేదు. అది ఆ పద్ధతికి సహజమైన పరిమితి.

ఈ సూక్ష్మం మనకు క్రొత్తదా? కాదు. మిత్ర అనే స్త్రీ కుమారుల ఉదాహరణ నైయాయికులలో సుప్రసిద్ధం. ఆమె కుమారులను ఎందరిని చూచినా నల్లనివారే. కనుక పుట్టబోయేవాడును, మిత్రాతనయుడు కనుక, నల్లనివాడే అని ఒకడు అనుమానం చేస్తాడు. నైయాయికుడు అక్కడ ఆగి, నలుపునకు కారణం మిత్రకు పుట్టడం కాదేమో, గర్భిణిగా ఉన్నప్పుడు ఆమె తిన్న శాకాహార పరిణామమేమో అని శంకిస్తాడు. ఆ శాకపాకజత్వమే అక్కడ ఉపాధి. వైద్యదృష్టితో ఆ కారణం సరియైనదా కాదా అనేది ఇక్కడ ప్రశ్న కాదు. సహచారం నూరుమార్లు కనబడినను, దాని వెనుక మరొక ధర్మం దాగి ఉండవచ్చునని శంకించిన ఆ తీరు ముఖ్యం. సాధ్యాన్ని వ్యాపించి, సాధనాన్ని వ్యాపించనిది ఉపాధి అని మనం ఏటేటా పాఠం చెప్పుచున్నాము.

ఇప్పుడు ప్రస్తుత విషయానికి అన్వయింతము. సంస్కృతాధ్యయనం సాధనం. ధారణాశక్త్యాధిక్యం సాధ్యం. పాఠశాలలో వడపోత దాటి నిలిచి ఉండడం ఇక్కడ శంకింపదగిన ఉపాధి. పరీక్షింపబడిన పండితులందరిలోను అది ఉన్నది. సంస్కృతం చదివేవారందరిలోను అది లేదు. మన కళాశాలలో చేరే విద్యార్థులలో అధికులు అట్టి వడపోతను దాటి వచ్చినవారు కారు. కనుక ఇది సందిగ్ధోపాధి. సందిగ్ధోపాధి ఉన్నచోట వ్యాప్తి నిశ్చయం కలుగదు. తర్కసంగ్రహం చదివిన విద్యార్థి చెప్పగలిగిన ఈ సమాధానాన్ని, తర్కసంగ్రహం బోధించే మనం సభావేదికపై మరచిపోతున్నాము. మనోవిజ్ఞానవేత్తలు దీనినే వేరొక పేరుతో పిలుస్తారు. స్వతంత్ర చరంతో కలిసిపోయి వచ్చి, ఫలితం దేనిదో తెలియకుండా చేసే చరాన్ని తొలగించడం వారి ప్రయోగరచనకు ప్రధాన లక్ష్యం.

ఇంతమాత్రం చేత ఆధునిక పరిశోధన పద్ధతి అంతా మన శాస్త్రాలలోనే ఉన్నదని చెప్పడం మరొక అతిశయోక్తి అవుతుంది. రెండు ముఖ్యమైన భేదాలు ఉన్నాయి. మొదటిది, న్యాయశాస్త్రంలో వ్యాప్తి నియతమైనది. ఒక్క వ్యభిచారం చాలు, అది భంగమవుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు తన దీపికలో చూపిన వజ్రం ఉదాహరణ ఇట్టిదే. పార్థివ పదార్థాలు లోహంతో గీయదగినవని వందలమార్లు చూచినను, వజ్రం దగ్గర ఆ నియమం తప్పినది. మనోవిజ్ఞానంలోని వాక్యాలు అట్టివి కావు. అవి అధిక సంఖ్యాకులలో కనబడే ప్రవృత్తిని మాత్రమే చెబుతాయి. సంస్కృతం చదివి కూడ మరపు గల ఒక విద్యార్థి ఆ వాక్యాన్ని ఖండించడు. శతావధానం చేసిన ఒక మహనీయుడు దానిని స్థాపించడు. అందుచేతనే అక్కడ ప్రతిచయనం, సంఖ్య, యాదృచ్ఛికంగా కలిగే భేదాన్ని లెక్కించే గణితం అవసరమైనవి. అవధానిని చూపి భాషకు మహిమను ఆపాదించే అలవాటు మనకు ఉన్నది. ఆ అవధాని చేసిన దీర్ఘసాధనను అది మరుగుపరచుతుంది.

రెండవ భేదం ఇంకను ముఖ్యమైనది. నైయాయికుడు లోకంలో కనబడిన అన్వయ వ్యతిరేకాలను పరిశీలిస్తాడు. ప్రయోగకారుడు వ్యతిరేకాన్ని తానే కల్పిస్తాడు. ఒకే తరగతిలోని పిల్లలను చీట్లు వేసి రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి కంఠస్థ శిక్షణ ఇచ్చి, మరొక వర్గానికి అంతే కాలం వేరొక పాఠం చెప్పి, చివర ఇద్దరినీ ఒకే పరీక్షతో కొలుస్తాడు. చీట్లు వేయడం పిల్లల ఆటవలె కనబడవచ్చును గాని అందులో గొప్ప యుక్తి ఉన్నది. వయస్సు, చదువు, కుటుంబం వంటి తెలిసిన ఉపాధులను పోల్చి సరిచేయవచ్చును. తెలియని ఉపాధులను ఎట్లు సరిచేయడం? చీటీకి ఎవరు తెలివైనవారో తెలియదు. కనుక తెలిసినవి, తెలియనివి అన్నియు రెండు వైపులకు ఇంచుమించు సమానంగా పంచబడే అవకాశం ఉన్నది. సంఖ్య పెరిగినకొలది ఆ అవకాశం పెరుగుతుంది. రొనాల్డ్ ఫిషర్ 1935లో ప్రకటించిన ప్రయోగరచనా గ్రంథంలో ఈ యుక్తికి శాస్త్రీయమైన ప్రతిపత్తి కలిగినది.

ఎవరు వేదపాఠశాలకు పోవలెనో చీట్లు వేసి నిర్ణయించడం సాధ్యం కాదు, ధర్మమూ కాదు. అట్టి చోట అనుదైర్ఘ్య పద్ధతి శరణ్యం. లండన్ టాక్సీ చోదకుల కథ దీనికి చక్కని ఉదాహరణ. ఆ నగరంలోని వేలకొలది వీధులను మనస్సులో నిలుపుకొని కఠినమైన పరీక్షలో ఉత్తీర్ణులైనవారికే అక్కడ అనుమతి లభిస్తుంది. 2000లో ఎలినార్ మెగ్వైర్, ఆమె సహచరులు 16 మంది చోదకులను పరీక్షించి, స్మృతికి సంబంధించిన హిప్పోక్యాంపస్ వెనుకభాగం వారిలో పెద్దదిగా ఉన్నదని ప్రకటించినారు. అప్పుడును ఇదే శంక పుట్టినది. అభ్యాసం వలన పెరిగినదా, అది పెద్దదిగా ఉన్నవారే చోదకులైనారా? పరిశోధకులు ఆ శంకను త్రోసివేయలేదు. కేథరీన్ వూలెట్, మెగ్వైర్ 79 మంది శిక్షణార్థులను, 31 మంది ఇతరులను శిక్షణారంభంలోనే కొలిచినారు. అప్పుడు వర్గాల మధ్య భేదం లేదు. మూడు నాలుగు సంవత్సరాల తరువాత మరల కొలిచినారు. ఉత్తీర్ణులైన 39 మందిలోనే ఆ భాగం పెరిగినట్లు తేలినది. 2011లో ఈ ఫలితం ప్రకటితమైనది. ఉత్తీర్ణులకు, కానివారికి మధ్య ముందే ఏదో భేదం ఉండి ఉండవచ్చుననే శంక ఇంకను మిగిలి ఉన్నప్పటికీ, మొదటి అధ్యయనం కంటె ఇది ఎంతో దూరం నడిచినది. వేదపండితుల విషయంలో మనకు కావలసినది ఇట్టి రెండవ అడుగు.

కొలవడంలోను ఒక చిక్కు ఉన్నది. జ్ఞాపకశక్తి అంటే ఏమి? లక్షణం చెప్పకుండా లక్ష్యాన్ని పరీక్షించరాదని మనకు తెలుసు. వేదమంత్రం అప్పగించడమే జ్ఞాపకశక్తి అంటే పరీక్షయే శిక్షణ అవుతుంది. అది అవ్యాప్తి దోషం. చదివినదేదైనా గుర్తుండడం అంటే అర్థజ్ఞానం, ఆసక్తి, పూర్వపరిచయం అన్నియు అందులో చొచ్చుకొనివస్తాయి. అది అతివ్యాప్తి. 1885లో జర్మనీలో స్మృతిపై తన గ్రంథాన్ని ప్రకటించిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ ఈ చిక్కును గుర్తించి, అర్థం లేని అక్షరసంపుటాలను కల్పించి తనపైనే ప్రయోగం చేసుకొన్నాడు. అర్థమనే ఉపాధిని తొలగించడమే ఆయన ఉద్దేశం. ఒక్కడే పరీక్ష్యుడు కావడం ఆ పనిలోని పరిమితి. లండన్ అధ్యయనంలో మరొక విశేషం కనబడినది. ఉత్తీర్ణులైన చోదకులు నగరస్థలాల విషయంలో మెరుగుపడినారు గాని, ఒక క్లిష్టమైన బొమ్మను కొంతసేపటి తరువాత గుర్తుతెచ్చుకొని గీయడంలో ఇతరుల కంటె వెనుకబడినారు. స్మృతి ఒక్కటే వస్తువు కాదన్నమాట. ఒకచోట పెరిగినది అన్నిచోట్లా పెరుగుతుందనే భరోసా లేదు. ‘జ్ఞాపకశక్తి పెరుగుతుంది’ అని ఆ తండ్రికి చెప్పిన నేను, ఏ జ్ఞాపకం అని నన్ను నేను ప్రశ్నించుకొనలేదు.

కొలిచేవాని మనస్సును కూడ శంకించవలెననేది ఈ పద్ధతిలోని మరొక నియమం. ఇరువదవ శతాబ్ది ఆరంభంలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసి, కాలిగిట్టతో నేలను తట్టి సమాధానం చెబుతున్నదని ప్రసిద్ధి కలిగినది. దాని యజమాని మోసగాడు కాడు. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ జాగ్రత్తగా పరీక్షించగా, ప్రశ్నించేవానికి సమాధానం తెలియనప్పుడు గుర్రానికి కూడ తెలియడం లేదని బయటపడినది. ప్రశ్నికుని శరీరంలో తనకు తెలియకుండానే కలిగే సూక్ష్మచలనాలను అది పట్టుకొంటున్నది. ఈ ఫలితం 1907లో ప్రకటితమైనది. మనం జవాబుపత్రాలపై విద్యార్థి పేరు కనబడకుండా సంకేత సంఖ్య వేయించేది ఇందుకే గదా. సంస్కృత విద్యార్థి ఎవరో, కానివాడెవరో తెలియని వ్యక్తి మార్కులు వేసినప్పుడే ఇట్టి పరీక్షకు విలువ ఉంటుంది. సంస్కృతంపై మనకు గల ప్రేమయే ఇక్కడ మన పరిశీలనకు ప్రతిబంధకం కాగలదు.

మనోవిజ్ఞానానికి శిరసు వంచవలెనని నా అభిప్రాయం కాదు. ఆ శాస్త్రం తన లోపాలను తానే బయటపెట్టుకొన్నది. 2015లో ఒక పరిశోధక బృందం పేరుపొందిన మూడు పత్రికలలో వచ్చిన 100 అధ్యయనాలను మరల చేసి చూచినది. మూల అధ్యయనాలలో నూటికి 97 సార్థకమైన ఫలితాన్ని చూపినవి కాగా, మరల చేసినప్పుడు నూటికి 36 మాత్రమే అట్టి ఫలితాన్ని చూపినవి. ఇది ఆ శాస్త్రానికి అవమానమని కొందరు, గౌరవమని కొందరు అన్నారు. నేను రెండవవారి పక్షం. తన సిద్ధాంతానికి తానే పూర్వపక్షిగా నిలిచే ధైర్యం శాస్త్రలక్షణం. ఒక్క అధ్యయనాన్ని చేతబట్టుకొని ‘విజ్ఞానం నిరూపించినది’ అనడం మన శాస్త్రమర్యాదకు, వారి శాస్త్రమర్యాదకు కూడ విరుద్ధం.

ఇక కర్తవ్యం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నాటి నిబంధనలలో పరిశోధక విద్యార్థులకు పరిశోధన పద్ధతిని పాఠ్యాంశంగా విధించినది. మన విభాగాలలో అది సాధారణంగా గ్రంథపరిష్కరణ, పాఠభేద నిర్ణయం, ఆకరసూచిక తయారీ అనే అంశాలకు పరిమితమవుతున్నది. ఇవి అవసరమే. వీటి సరసన, మనస్సును గూర్చిన వాక్యాన్ని పరీక్షించే పద్ధతిని నాలుగు పాఠాలలోనైనా చెప్పవలెను. రసానుభవం, ప్రతిభ, ధారణ, పఠనాభిరుచి వంటి అంశాలపై మన విద్యార్థులు సిద్ధాంతగ్రంథాలు వ్రాస్తున్నారు. వాటిలో ‘ఆధునిక మనోవిజ్ఞానమూ దీనిని అంగీకరించినది’ అనే వాక్యం తరచుగా కనబడుతున్నది. ఆ వాక్యానికి హేతువును చూపుమని పర్యవేక్షకుడు అడగవలెను.

రెండవది, మన ప్రాంతంలోని పాఠశాలలు, ఓరియంటల్ కళాశాలలు, మనోవిజ్ఞాన శాఖలు కలిసి ఒక అనుదైర్ఘ్య అధ్యయనానికి పూనుకొనవలెను. యంత్రాలు లేకపోయినను కాగితం, గడియారం, సహనం చాలు. చేరిననాడే పిల్లల ధారణను కొలిచి, ఇతర పాఠశాలల పిల్లలను కూడ కొలిచి, ఏటేటా అదే పరీక్షను జరుపవలెను. మధ్యలో మానివేసినవారిని లెక్కనుండి తొలగించరాదు. శంకింపబడిన ఉపాధికి సమాధానం వారి వద్దనే ఉన్నది. పిల్లల విషయం కనుక తల్లిదండ్రుల అనుమతి, పిల్లల ఇష్టం రెండును తీసికొనవలెను. ఫలితం మనకు అనుకూలంగా లేకపోయినను ఇట్టి పత్రికలలోనే ప్రకటించవలెను.

ఇది సంస్కృత గౌరవానికి భంగమని ఆక్షేపించేవారు ఉండవచ్చును. ఒక భాషను చదువడానికి అది మెదడును పెంచుతుందనే కారణం చూపవలసి రావడమే నిజమైన గౌరవభంగం. రేపు మరొక అధ్యయనం ఏ భేదమూ లేదని చెబితే, ఆ కారణం మీద కట్టిన గౌరవం కూలుతుంది. కావ్యం, వ్యాకరణం, దర్శనం తమంతట తాము అధ్యయనయోగ్యములు. వాటికి ఔషధగుణాన్ని ఆపాదించనక్కరలేదు.

ఆ తండ్రి వంటివారు ప్రతి సంవత్సరం వస్తూనే ఉన్నారు. ఇప్పుడు నేను చెప్పే సమాధానం వేరు. ‘జ్ఞాపకశక్తి పెరుగుతుందో లేదో నేను చెప్పలేను. శ్రద్ధగా చదివితే సంస్కృతం వస్తుంది. రాకపోతే మేము మరల చెబుతాము’ అంటున్నాను. ఆ మాట విని వెనుదిరిగి పోయినవారు ఉన్నారు, చేరినవారు కూడ ఉన్నారు. చేరినవారి పిల్లలలో ఒకడు శబ్దం మరచినప్పుడు తనలో లోపమున్నదని అనుకొనవలసిన పని లేదు. నా అభిప్రాయంలో దోషమున్నచో సప్రమాణంగా చూపవలసినదిగా విజ్ఞులను ప్రార్థిస్తున్నాను.